గోడ విప్పి చూసినవాళ్ళు

వాస్తు పుస్తకాలకు తెలుగులో కొదవ లేదు. కొత్త ఇంటి నమూనాలు, ఇంటి అప్పులు, లోపలి అలంకరణల గురించి పత్రికలు రాస్తూనే ఉంటాయి. ఎవరో కట్టి, ఎవరెవరో కాపురముండి, చివరికి ఎవరికీ పట్టకుండా పోయిన ఇంటిని కొనుక్కుని, అయినవాళ్ళను కూడగట్టుకుని, దాన్ని మళ్ళీ నిలబెట్టుకోవడం ఎలాగో మొదటినుంచి చివరిదాకా చెప్పిన తెలుగు పుస్తకం మాత్రం నా కంటబడింది ఇదొక్కటే. అందుకే ముందుమాట రాయమని అడగ్గానే ఒప్పుకున్నాను.

రాసిన అమ్మాయి నన్ను బాబాయిగారూ అని పిలుస్తుంది. ఢిల్లీ చుట్టుపక్కల తెలుగువాళ్ళ మధ్య వరసలు చుట్టరికం చూసి కలవవు. ఒకే కాలనీలో కాపురం, సెలవులకు ఒకే రైలు, ఉగాదికి ఒకరింటి పచ్చడి ఇంకొకరింటికి పోవడం, ఇవి కలుపుతాయి. ఆ చనువు నా తీర్పుకు అడ్డం రాకూడదని రాతప్రతిని ఇంజనీరుగానే చదివాను, పెన్సిలు చేత్తో పట్టుకుని. ఉద్యోగమంతా ఇటుక, కాంక్రీటు మధ్య గడిపినవాణ్ణి. కట్టడం గురించి ఎవరైనా గాలిమాటలు రాస్తే ఇట్టే పట్టేస్తాను. ఇందులో గాలిమాట లేదు. కొరతలు ఒకటి రెండు ఉన్నాయి, అవి తర్వాత చెబుతాను.

ఈ పుస్తకంలోని ఇల్లు నోయిడాలోది. అక్కడ పాత ఇల్లేమిటని మన పాఠకులకు అనిపించవచ్చు. ఆ ఊరు పుట్టిందే 1976 ఏప్రిల్ 17న. ఎమర్జెన్సీ రోజులు. ఢిల్లీ ఇరుకుల్లోని చిన్న పరిశ్రమలకు యమున అవతల చోటివ్వాలని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఒక చట్టం చేసి, న్యూ ఓఖ్లా ఇండస్ట్రియల్ డెవలప్‌మెంట్ అథారిటీని ఏర్పాటు చేసింది. పడమర యమున, తూర్పున హిండన్, మధ్యలో ఒండ్రునేల. పొలాల మీద సెక్టార్ల గీతలు గీశారు. హరౌలా, నిఠారీ, చౌడా వంటి ఊళ్ళు ఆ గీతల మధ్య అలాగే ఉండిపోయాయి. 12, 22 వంటి సెక్టార్లలో అథారిటీ తానే చిన్న చిన్న ఇళ్ళు కట్టించి కేటాయించింది. నేల తొంభై ఏళ్ళ లీజు. ఒకటో రెండో గదులు, వంటిల్లు, వెనక కాస్త ఖాళీ జాగా. చేతిలో డబ్బు ఆడినప్పుడు నక్షా మంజూరు చేయించుకుని పెంచుకోవాలి. తొమ్మిదంగుళాల ఇటుక గోడలే బరువంతా మోస్తాయి. పైన శ్లాబు, గోడల్లో జి.ఐ. గొట్టాలు, ఎర్తింగు సరిగా లేని కరెంటు తీగలు. ఆ తొలి ఇళ్ళకు ఇప్పుడు నలభై ఏళ్ళు పైబడ్డాయి. కప్పు, గొట్టం, తీగ, ద్వారబంధం అన్నీ ఒకేసారి మొరాయించే వయసది.

మనవాళ్ళు ఆ ఊరికి రకరకాల దారుల్లో చేరారు. సెక్టార్ 24లో ఎన్.టి.పి.సి. ఇంజనీరింగ్ కార్యాలయముంది కనుక రామగుండం నుంచో సింహాద్రి నుంచో బదిలీ మీద వచ్చినవాళ్ళున్నారు. తర్వాత సాఫ్ట్‌వేర్ పిల్లలు వచ్చారు. 2001లో డి.ఎన్.డి. వంతెన, 2009లో మెట్రో వచ్చాక ఢిల్లీ అద్దెలు భరించలేనివాళ్ళు ఇటు జరిగారు. నా తరానికి ఉత్తరాదిలో ఇల్లంటే రిటైరయ్యేదాకా తలదాచుకునే చోటు, అంతే. మా పెద్దలు ఢిల్లీలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి చొరవతో 1948లోనే ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి పిల్లలకు బడి ఏర్పాటు చేసుకున్నారు. గుడీ కట్టుకున్నాం, నాటకాలూ ఆడుకున్నాం. ఉంటున్న ఇంటికి మాత్రం చెమ్మ పట్టిన గోడ కనిపిస్తున్నా క్యాలెండరు వేలాడదీసి ఊరుకునేవాళ్ళం. ఎలాగూ వెళ్ళిపోతాం కదా అని ముప్పై ఏళ్ళు అనుకున్నవాళ్ళు నాకు ఎందరో తెలుసు. ఈ పుస్తకంలోని దంపతులు, అంటే రచయిత్రీ ఆమె భర్తా, ఆ మాట అనుకోలేదు. ఇక్కడే ఉంటాం అనుకున్నారు. పుస్తకం బలమంతా ఆ నిర్ణయంలో ఉంది.

ఇల్లు చూపించిన దళారీ చెప్పిన మాటను రచయిత్రి దాచకుండా రాసింది. నేలకు వెల, ఇంటికి విలువ లేదు, కూల్చి నాలుగంతస్తులు లేపుకోండి అన్నాడట. పాత సెక్టార్లలో వాడుక మాటే అది. కూల్చడం మీద ఈ కాలానికి ఉన్న మోజు చూస్తే నాకు మనసు కష్టపడుతుంది. అదే నోయిడాలో 2022 ఆగస్టు 28న సెక్టార్ 93ఏలోని జంట భవనాలను సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం 3,700 కిలోల పేలుడు పదార్థంతో పడగొట్టారు. అవి అక్రమంగా కట్టినవి, పడగొట్టడం న్యాయమే. కాని ఆ కొన్ని క్షణాలను దేశమంతా టీవీల్లో చూసింది, ఆ శిథిలాన్ని ఎత్తిపోయడానికి పట్టిన నెలలను ఎవరూ చూడలేదు. వాడుకోగల ఇంటిని కూల్చితే దానిలో కాలిన ఇటుక, కరిగిన ఇనుము, పడ్డ చెమట అన్నీ మల్బా, అంటే శిథిలాల చెత్త, అయిపోతాయి. నేక్‌చంద్ అనే రోడ్ల ఇన్‌స్పెక్టరు చండీగఢ్ కోసం కూల్చిన ఊళ్ళ శిథిలాలు ఏరి తెచ్చి 1957 నుంచి ఒంటరిగా రాతితోట కట్టాడు. ఆ తోట జనం చూడడానికి తెరుచుకున్నది, నోయిడా పుట్టిన 1976లోనే. కేరళలో లారీ బేకర్ కూల్చిన ఇళ్ళ తలుపులు, కిటికీలు తెచ్చి కొత్త ఇళ్ళకు బిగించాడు. ఈ దంపతులు అంత పెద్ద పని తలపెట్టలేదు. కూల్చకుండా ఉండడమే వాళ్ళు చేసింది, అది నా లెక్కలో తక్కువేమీ కాదు.

ఇల్లు చేతికి రాగానే సుత్తి పట్టుకోకపోవడం వాళ్ళు చేసిన మొదటి మంచి పని. వానాకాలమంతా ఆ ఇంట్లోనే ఉన్నారు. ఎక్కడ కారుతోందో అక్కడే గోడమీద పెన్సిలుతో గీత గీసి, తేదీ వేశారు. వాన పడుతుండగానే కారిందా, ఆగాక కారిందా, వాన లేని రోజున కూడా కారిందా అని రాసుకున్నారు. వైద్యుడు నాడి పట్టి చూసినట్టు ఇంటిని చూడడం ఇది. వాన పడుతుండగానే ధార కడితే పగులు ఉన్నట్టు. ఆగిన మర్నాడు మొదలైతే డాబా మీది మట్టి, పలక ఇటుకల పొర నీళ్ళు పీల్చుకుని తీరిగ్గా వదులుతున్నట్టు. ఎండాకాలంలోనూ కారితే గొట్టం తుప్పు తిన్నట్టు. మూడింటికీ మూడు మందులు. ఇవేవీ చూడకుండా డాబా అంతా నల్లటి రసాయనం పూయించి చేతులు దులుపుకునేవాళ్ళే ఎక్కువ. మరుసటి ఏడు మళ్ళీ పూయిస్తారు.

డాబా అధ్యాయం నాకు బాగా నచ్చింది. నీళ్ళు నిలిచే చోట్లు సుద్దముక్కతో గుర్తుపెట్టి, పాత పొర విప్పి, నాలుగడుగులకు అంగుళం వాలు వచ్చేలా మళ్ళీ పరిచారు. పిట్టగోడ, శ్లాబు కలిసే మూలను నిలువుగా వదలకుండా గుండ్రంగా మెత్తారు. అక్కడి మేస్త్రీలు దాన్ని గోలా అంటారు. ఇల్లు కారేది ఎక్కువగా ఆ మూలనుంచే. తర్వాత తూములు మూసి డాబా మీద నీళ్ళు నిలగట్టి రెండు రోజులు చూశారు. కింద చుక్క పడలేదని రూఢి అయ్యాకే లోపలి గోడల జోలికి వెళ్ళారు. పైనుంచి కిందికి రావడమనే ఈ వరస తప్పితే పెట్టిన డబ్బంతా నీళ్ళపాలు.

స్నానాలగది కప్పు దగ్గర జరిగింది కొంచెం వివరంగా చెప్పాలి. రచయిత్రి మేనమామ గోదావరి జిల్లాలో నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. నిచ్చెనెక్కి, చిన్న సుత్తితో కప్పునంతా జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోయాడట. గట్టి చోట సుత్తి ఎగిరి ఖణీమంటుంది. గీజరు పైన మాత్రం డొల్లగా మోగింది. మొలతో గీకితే అరచేయంత పెచ్చు ఊడి బక్కెట్లో పడింది. లోపల చువ్వ కనిపించింది. పొరలు పొరలుగా ఉబ్బిన తుప్పు. తీగబ్రష్షుతో తోమి కొలిస్తే పది మిల్లీమీటర్ల చువ్వలో మిగిలింది ఏడు. మేనమామ నిచ్చెన దిగకుండానే, మేనకోడలిని పైకి రమ్మని చేయి పట్టి ఆ చోట తట్టించాడు. డొల్ల చప్పుడు ఆమె చెవికి అలవాటయ్యేదాకా దిగనివ్వలేదు. ఆ తర్వాత ఇల్లంతా ఆమే తట్టి చూసుకుంది.

ఇనుము ఎందుకలా పాడవుతుందో ఆమె సులువుగానే చెప్పింది. నేనొక్క మాట కలుపుతాను. కాంక్రీటులోని సిమెంటు క్షారగుణం వల్ల ఇనుము చుట్టూ కాపుదల పొర ఏర్పడుతుంది. ఏళ్ళ తరబడి గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి చేరి ఆ గుణాన్ని హరిస్తుంది. దానికి తడి తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు కోరుతుంది, అందుకే పెచ్చు తోసుకుని ఊడుతుంది. పైన పుట్టీ పెట్టి రంగు వేస్తే రోగం కప్పిపెట్టినట్టే. ఊడేదంతా ఊడగొట్టి, చువ్వను తెల్లగా తోమి, మందు పూసి, సన్నబడిన చోట పక్కన కొత్త చువ్వ కట్టి, పాలిమరు కలిపిన మాలు పొరలు పొరలుగా పెట్టాలి. ఈ పని మాత్రం మేనమామ తన చేత్తో చేయలేదు. అనుభవమున్న స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించి, ఆయన రాసిచ్చిన ప్రకారం చేయించాడు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

అయినవాళ్ళ సాయం గురించి మనం తేలిగ్గా మాట్లాడుకుంటాం. నలుగురూ తలో చేయీ వేస్తే అయిపోతుంది అంటాం. మా కోనసీమలో తాటాకిళ్ళు కప్పడం చిన్నప్పుడు చూసినవాణ్ణి. వానలు రాకముందే, వైశాఖ జ్యేష్ఠాల్లో, వీధిలో ఒకరిల్లు తర్వాత ఒకరిల్లు కప్పేవారు. ఆకు ముందే నరికి, బరువు పెట్టి అణిచి, ఎండబెట్టి ఉంచేవారు. కప్పు ఎక్కేది ఇద్దరో ముగ్గురో, చేయి తిరిగినవాళ్ళు. కింద నిలబడి ఆకు అందించేవాళ్ళు వేరు, నార తడిపి ఇచ్చేవాళ్ళు వేరు. పిల్లలం పాత ఆకు ఈడ్చుకెళ్ళి కుప్ప వేసేవాళ్ళం. ఎంత దగ్గరి చుట్టమైనా చేతకానివాణ్ణి వాసం ఎక్కనిచ్చేవారు కాదు. రాయలసీమలో ముయ్యి అన్నా, ఇంకోచోట బదులు పని అన్నా, పల్లెల్లో ఇలాంటి సాయానికి పద్ధతి ఉండేది. ఎవరికి ఏ పని అప్పగించాలో అందరికీ తెలుసు, ఎందుకంటే ఆ ఇల్లు ఎలా నిలబడిందో అందరికీ తెలుసు. పట్నాల ఇళ్ళ లోపల ఏముందో మనకు తెలియదు. అందుకే మన సాయాలు పనికిరాకుండా పోతున్నాయి. ఈ అమ్మాయి ముందు ఇంటిని తెలుసుకుంది, తర్వాత మనుషులను పిలిచింది.

ఎవరికి ఏం అప్పగించారో చూడండి. ఆఫీసు స్నేహితులకు ఆదివారాలు పాత రంగు గీకడం, మల్బా గోనెల్లో నింపి కిందికి దించడం, ఇటుకలు నీళ్ళలో నానబెట్టడం. ఐ.టి.ఐ. చదివిన మరిదికి తీగల దారులు గుర్తించడం, పాత ఫ్యూజుల పెట్టె విప్పి ఎం.సి.బి.లు, 30 మిల్లీ ఆంపియర్లకే తెగే భద్రతా స్విచ్చు ఎలా ఉండాలో లైసెన్సున్న పనివాడితో కూర్చుని గీయించడం. మామగారికి ప్లాస్టరింగు తడపడం. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. ఉత్తరాది ఏప్రిల్ ఎండలో, లూ అనే వడగాలి మొదలయ్యే వేళ, ప్లాస్టరింగు మధ్యాహ్నానికే తెల్లబారుతుంది. కనీసం వారం, ఇప్పుడు దొరికే పోజొలానా సిమెంటుకైతే పది రోజులు తడి ఆరకుండా చూడాలి. కూలికి వచ్చినవాళ్ళు సాయంత్రం వెళ్ళిపోతారు, తడపడం ఆగిపోతుంది. పెద్దాయన తెల్లవారుజామున, పగలు, రాత్రి పడుకునేముందు గొట్టం పట్టుకున్నాడు. ఆ గోడల మీద ఇవాళ్టికీ జాలు పగుళ్ళు లేవని రచయిత్రి రాసింది. నేను వెళ్ళి చూశాను. నిజమే.

వద్దన్న సాయాల గురించి ఒక అధ్యాయముంది. పుస్తకం మొత్తంలో అది రాయడానికి ఎక్కువ ధైర్యం కావాలి. ఒక స్నేహితుడు ప్రేమకొద్దీ ఒక్క ఆదివారంలో ముందుగది గోడకంతా తానే రంగు వేసిపెట్టాడు. గోడ అడుగున చెమ్మ ఉంది. దసరాకల్లా రంగు బొబ్బలెక్కి ఊడింది. అది మళ్ళీ గీకడానికి పట్టిన రోజులు, అతని మనసు నొప్పించకుండా చెప్పడానికి పడ్డ తంటాలు ఉన్నదున్నట్టు రాసింది. బంధువొకాయన ముందుగదికీ వంటింటికీ మధ్య గోడ తీసేస్తే ఇల్లు విశాలమవుతుందని పట్టుబట్టాడు. ఈ రోజుల్లో అందరూ అలాగే చేయిస్తున్నారు అన్నాడు. నిజమే, చేయిస్తున్నారు. కానీ ఆ గోడ మీదే శ్లాబు కూర్చుంది. నోయిడా భూకంపాల పటంలో నాలుగో జోన్‌గా గుర్తించిన నేల. 2015 ఏప్రిల్ 25న నేపాల్ కంపించినప్పుడు ఢిల్లీలో మేమందరం వీధుల్లోకి వచ్చి నిలబడ్డాం. బరువు మోసే గోడను అందం కోసం తీసేయడం ఇంట్లోవాళ్ళ ప్రాణాలతో చెలగాటమే. ఈ దంపతులు పెద్దాయనకు కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి, శ్లాబు చువ్వలు ఎటు పరిచి ఉన్నాయో చూపించి, గోడ ఉంచేశారు. ఆయన అలిగి కొన్నాళ్ళు ఫోను చేయలేదట. గోడ ఉంది, తర్వాత ఆయనా వచ్చాడు.

చెమ్మ సంగతి. యమునకు ఇంత దగ్గర ఊరు. 2023 జులైలో ఢిల్లీ పాత ఇనుప వంతెన దగ్గర నది 208.66 మీటర్లకు చేరి 1978 నాటి 207.49 రికార్డు దాటింది. ఒండ్రునేల తడి పునాది గుండా పైకెక్కుతుంది, తనతో ఉప్పు తెస్తుంది. గోడ అడుగున తెల్లటి నూగు కట్టి ప్లాస్టరింగు పొడిగా రాలడం ఆ సెక్టార్లలో ఇంటింటా ఉన్నదే. దాని మీద మళ్ళీ సిమెంటు పులిమితే తడికి బయటికి దారి ఉండదు, ఇంకా పైకి పాకుతుంది. వీళ్ళు మూడడుగుల ఎత్తువరకు విప్పేసి, ఒక ఎండాకాలం ఇటుకను ఆరనిచ్చి, అడుగున రసాయనం ఎక్కించి, సున్నంతో మెత్తించారు. 1591 నాటి చార్మినార్ నిలిచింది సున్నంతోనే. గానుగ సున్నం చేసే చేతులు మన దగ్గరే కరువైపోతున్న కాలంలో, ఉత్తరాదిలో ఒక మామూలు ఇంటికోసం సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీని వెతికి పట్టుకున్నందుకు ఈ అమ్మాయిని ప్రత్యేకంగా మెచ్చుకోవాలి.

ముందుగదిలో వినైల్ షీటు కింద మొజాయిక్ గచ్చు బయటపడింది. 80ల ఇళ్ళలో అది మామూలే. కొన్నిచోట్ల పగిలి గుంటలు పడ్డాయి. టైల్సు వేసేయడం తేలిక. వీళ్ళు గుంటలు పూడ్చి సానపట్టించారు. పూడ్చడానికి పాత గచ్చుకు సరిపడే చలువరాతి ముక్కలు కావాలి. బజారు నుంచి తెచ్చిన కలగలుపు సంచిని పెద్దమ్మ, అత్తగారు పళ్ళేల్లో పోసుకుని, కిటికీ వెలుతుర్లో కూర్చుని ఆకుపచ్చవి, నల్లవి, లేత గులాబీవి వేరుచేశారు. మోకాళ్ళ నొప్పులతో నిచ్చెనెక్కలేని ఇద్దరు స్త్రీలు ఆ గచ్చులో తమ చూపు పెట్టారు. గరుకు రాయితో మొదలుపెట్టి నున్నటి రాయిదాకా సానపట్టి, చివర ఆక్సాలిక్ ఆమ్లంతో మెరుగు పెట్టాక కొత్త అతుకు ఏదో పాత గచ్చు ఏదో నేను వంగి చూసినా పోల్చుకోలేకపోయాను.

పనివాళ్ళ గురించి రాసిన తీరుకు నా ప్రత్యేక అభినందన. అయినవాళ్ళు సాయపడ్డారని పనివాళ్ళ కూలి తగ్గించలేదు. ఢిల్లీ చుట్టుపక్కల తాపీ పట్టేవాళ్ళు చాలామంది బెంగాల్‌లోని మాల్దా, ముర్షిదాబాద్ వైపు నుంచి వస్తారు. మాలు మోసే ఆడవాళ్ళు, మగవాళ్ళు బుందేల్‌ఖండ్ నుంచి పిల్లలతో సహా వస్తారు. మన పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టారు, మన సిక్కోలు జనం ఎక్కడెక్కడో ఇళ్ళు కడుతున్నారు. వలస కూలీ బతుకు తెలుగువాళ్ళకు ఒకరు చెప్పాలా? రోజు కూలి ఎంతో, ఓవర్‌టైమ్ ఎలా లెక్కగట్టారో, మధ్యాహ్నం ఒకే పప్పు ఒకే అన్నం అందరికీ ఎలా వడ్డించారో ఈ పుస్తకంలో ఉంది. వడ్డించింది తోడికోడలు. సెలవు పెట్టుకుని తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి, బాల్కనీలో పొయ్యి పెట్టి నెలంతా వండింది. ఇల్లు బాగుచేసినవాళ్ళ వరసలో ఆమె పేరు మేనమామ పేరు పక్కనే ఉంది. అలాగే ఉండాలి.

రాజధాని ప్రాంతంలో ఇల్లు కట్టేవాళ్ళకు గాలి కూడా ఒక లెక్క. 2017 నుంచి అమల్లో ఉన్న అంచెల ప్రణాళిక ప్రకారం కాలుష్యం తీవ్రమైతే తవ్వడం, కూల్చడం, కట్టడం ఆపేయాలి. చలి మొదలయ్యే నవంబరులో ఆ ఆంక్షలు దాదాపు ఏటా వస్తాయి. వీళ్ళ బంధువులు దీపావళి సెలవులు కలుపుకుని పనికి దిగుదామని వచ్చేసరికి పని బంద్. ఆ అనుభవంతో మరుసటి ఏడాది క్యాలెండరు మార్చుకున్నారు: దుమ్ము లేపే పనులన్నీ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు, వడ్రంగం, తీగలు, గొట్టాలు చలికాలానికి. ఆగిన రోజుల్లో ఇద్దరు మేస్త్రీలకు సగం కూలి ఇచ్చారు. ఇది ఆమె ఒక్క వాక్యంలో రాసి వదిలేసింది. నేను ఇక్కడ గట్టిగా చెబుతున్నాను. ఆంక్ష మన ఊపిరితిత్తుల కోసం, దాని ఖర్చు రోజు కూలీ ఒక్కడి మీదే పడకూడదు.

పిల్లలున్న ఇళ్ళవాళ్ళు రంగు గీకే పేజీలు తప్పక చదవాలి. ఇళ్ళలో వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందరి పొరల్లో ఎంతుందో ఎవరికి తెలుసు? ఆ దుమ్ము పసిపిల్లల మెదడుకు చేటు. పొడిగా గీకకుండా తడిపి గీకాలి, మాస్కు కట్టుకోవాలి, పిల్లలను ఆ రోజుల్లో వేరే ఇంట్లో ఉంచాలి. వీళ్ళ పాపను పక్కింటి బెంగాలీ దంపతులు ఉంచుకున్నారు. పాప ఇప్పుడు మూడు భాషలు మాట్లాడుతుంది.

ఇక కొరతలు. కరెంటు అధ్యాయం చిన్నది, బొమ్మలు లేవు. తీగల మందం, ఏ గదికి ఎంత లోడు అన్నది పట్టికగా ఇచ్చి ఉంటే సామాన్యులకు మేలు జరిగేది. అథారిటీ అనుమతుల విషయం కూడా తొందరగా దాటేసింది. లోపలి మరమ్మతుకు ఏం కావాలి, గది పెంచితే నక్షా ఎలా మంజూరు చేయించుకోవాలి, చేతులు మారిన లీజు ఇంటి కాగితాలు ఎలా సరిచూసుకోవాలి అన్నవి విడిగా ఒక అధ్యాయం కావాల్సినవి. రెండో ముద్రణలో ఇవి చేర్చమని ఆమెకు చెప్పాను, ఒప్పుకుంది. ఖర్చుల పట్టిక మాత్రం ఆదర్శంగా ఉంది. వృథా అయిన డబ్బు కూడా అందులో వేరే వరసలో చూపింది.

ఇందులో నాకు మరీ నచ్చింది చివరి పేజీల్లో ఉన్న ఇంటి పటం. ఏ గోడలో ఏ గొట్టం ఎంత ఎత్తున పోతోంది, తీగ ఎక్కడ మలుపు తిరిగింది, ఏ శ్లాబుకు ఎప్పుడు మరమ్మతు జరిగింది, ఎవరు చేశారు అన్నీ గీసి పెట్టారు. గోడలు మూసేముందు ప్రతి గోడకూ టేపు ఆనించి ఫొటో తీశారు. ఆ ఇంటికి వచ్చే మేనల్లుడు కూడా ఏ గోడకు మేకు కొట్టవచ్చో, దేనికి కొట్టకూడదో చెప్పగలడు. అయినవాళ్ళ సాయం వల్ల ఎంత డబ్బు మిగిలిందని నన్ను అడిగినవాళ్ళున్నారు. పట్టిక చూస్తే పెద్దగా ఏమీ మిగలలేదు. ఆ ఇంటి సంగతి తెలిసినవాళ్ళు మాత్రం ఇప్పుడు డజనుకు పైగా ఉన్నారు, విశాఖ నుంచి నోయిడా దాకా. అద్దె ఇళ్ళలో, అపార్టుమెంట్లలో బతుకు వెళ్ళదీసిన మా తరానికి ఆ భాగ్యం లేదు.

పాత ఇల్లున్న పాఠకులకు నా మనవి ఒకటే. కాంట్రాక్టరును పిలిచేముందు ఈ పుస్తకంలోని మొదటి రెండు అధ్యాయాలు చదివి, ఒక వానాకాలం మీ ఇంటిని గమనించండి, గోడమీద తేదీలు వేయండి. మరమ్మతు అయ్యాక గోడలు మూసేలోపు పటం గీసుకుని, ఒక ప్రతి ఇంట్లో, ఒక ప్రతి మీవాళ్ళ దగ్గర ఉంచండి.